లావు స్వే బార్ వేయించుకున్న మా కస్టమర్లకు ఒక మాట

మా దగ్గర కారుకి వెనక లావు స్వే బార్ (మలుపులో బండి ఒరుగుని తగ్గించే కడ్డీ) వేయించుకున్నవాళ్లూ, వేయించుకుందామని ఫోన్ చేస్తున్నవాళ్లూ ఇది ఒక్కసారి చదవండి. ఇక మీదట ఈ పని మేం చేసే తీరు మారుతోంది. ఎందుకు మారుతోందో చెప్పాలంటే మా తప్పు దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

వాన పడుతున్న ఒక ఉదయం ఒక కస్టమర్ వచ్చారు. నాలుగు నెలల కిందట ఆయన కారుకి వెనక బార్ మార్చింది మేమే. కంపెనీ ఇచ్చిన బార్ 22 మిల్లీమీటర్లు, మేం వేసింది 25. కారు దిగి, తలుపు కూడా వేయకుండా, "బండి బాగా తిరుగుతుందన్నారు కదా, తిరిగింది. నేను తిప్పకుండానే తిరిగింది" అన్నారు. మలుపు సగంలో వేగం కాస్త ఎక్కువైందనిపించి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశారట. అంతే, వెనక భాగం పక్కకి జారి బండి రోడ్డుకి అడ్డంగా ఆగింది. ఆ సమయానికి వెనక ఏ బండీ రాలేదు కాబట్టి సరిపోయింది. ఆయనకీ బండికీ ఏమీ కాలేదు. కానీ ఆయన కోపంలో న్యాయం ఉంది.

లిఫ్ట్ ఎక్కించి చూశాం. ముందు టైర్లు కొత్తవి, వెనకవి బాగా అరిగినవి. ఆ టైర్లు ఆయన వేరేచోట మార్పించుకున్నారు. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక వేయాలని చాలామందికి తెలియదు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, అది కొంతవరకు మన చేతిలో ఉంటుంది. వెనకవి జారితే తిరిగిపోతుంది.

తప్పంతా టైర్ల మీదికి తోసేద్దామంటే కుదరలేదు. బార్‌ని చక్రం వైపు సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీని లింక్ రాడ్ అంటాం. దాన్ని బిగించడానికి బార్ చివర రెండు బెజ్జాలు ఉంటాయి. బయటిది మెత్తని సెట్టింగు, లోపలిది గట్టిది. ఆయన బండికి లోపలి దాంట్లో ఉంది. పాత జాబ్ కార్డు తీసి చూస్తే "హార్డ్" అని రాసి ఉంది, రాత నాదే. ఆయన అడగలేదు. తేడా బాగా తెలియాలని నేనే పెట్టించాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. స్వే బార్ అంటే ఒక స్ప్రింగే. నడుమ భాగం రెండు బుష్‌లలో (బార్‌ని పట్టుకునే రబ్బరు తొడుగులు) బండి ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, రెండు చివరలూ లింక్ రాడ్ల ద్వారా రెండు చక్రాల సస్పెన్షన్‌కి కలుస్తాయి. మలుపులో బండి బయటి వైపుకి ఒరిగినప్పుడు ఒక చివర పైకి, ఇంకో చివర కిందికి పోతాయి. తడి బట్టని పిండినట్టు బార్ మెలి తిరుగుతుంది. అలా తిరగడానికి ఒప్పుకోక అది చేసే పెనుగులాటే ఒరుగుని తగ్గిస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మెలి ఉండదు, బార్ బుష్‌లలో ఊరికే ఊగి ఊరుకుంటుంది. అందుకే "బ్రేకర్ మీద కింద తగులుతోంది, లావు బార్ వేస్తే ఆగుతుందా" అని అడిగేవాళ్లకి వద్దనే చెబుతున్నాం.

22కీ 25కీ తేడా మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ బార్ గట్టిదనం లావుని బట్టి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 25ని 22తో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు రాసి ఒకదానితో ఒకటి గుణించాలి. సుమారు 1.67 వస్తుంది. ఇంకా ఉంది. బార్ చివర వంగి లింక్ రాడ్ దాకా వచ్చే భాగాన్ని చేయి అంటాం. ఆ చేయి పొడవు తగ్గేకొద్దీ గట్టిదనం వర్గంలో పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల చేతిని లోపలి బెజ్జం 17.5కి తెస్తే అదో 1.3 రెట్లు. రెండూ కలిస్తే కంపెనీ బార్‌కి రెట్టింపు దాటిపోయింది. కౌంటర్ దగ్గర మేం ఆయనకి చెప్పిన మాట మాత్రం "కొంచెం లావు సార్, మూడు మిల్లీమీటర్లే".

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది, అది మేం కస్టమర్లకి సరిగ్గా చెప్పలేదు. లావు బార్ వేస్తే పట్టు పెరుగుతుందన్నట్టు మాట్లాడాం. పెరగదు. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందన్నది బండి ఎత్తు, వెడల్పు, బరువు, వేగం, మలుపు ఎంత బిగువు అన్నవాటిని బట్టి ఉంటుంది. బార్ ఆ మొత్తాన్ని పెద్దగా మార్చదు. అందులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నదే మారుస్తుంది. టైరు సంగతేమో, దాని మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి ముందో వెనకో, ఏ వైపు బార్ గట్టిగా ఉంటే ఆ వైపు రెండు టైర్ల మొత్తం పట్టు కొంత తగ్గుతుంది, రెండో వైపుకి ఆ మేరకు ఊరట దొరుకుతుంది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు చాలావరకు కంపెనీ నుంచే అండర్‌స్టీర్‌తో వస్తాయి. వేగంగా మలుపు తీసుకుంటే, స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటికే పోతుంది. అది చేతకాక వదిలేసినది కాదు, కావాలనే పెట్టినది. కంగారులో ఎవరైనా చేసేది కాలు తీయడమే. అప్పుడు అలాంటి బండి వేగం తగ్గి తిరిగి దారిలోకి వస్తుంది. వెనక లావు బార్ వేసి ఆ గుణాన్ని తగ్గిస్తాం. ముక్కు చకచకా తిరుగుతుంది, నడపడానికి హాయిగా ఉంటుంది, నా సొంత బండికీ ఉంది. కానీ మేం చేస్తున్నది వెనక నుంచి అప్పు తెచ్చి ముందుకి ఇవ్వడం. ఆయన బండికి అరిగిన టైర్లు, పైగా వాన. వెనక అప్పివ్వడానికే ఏమీ లేదు.

రెండో ఫిర్యాదు కీచు శబ్దం. ఇది మీలో చాలామందికి ఉంది, కొందరు మొహమాటానికి చెప్పలేదు. రబ్బరు బుష్‌ల బదులు మేం వేసిన పాలీయురేథేన్ బుష్‌లు గట్టివి, బార్ వాటిలో జారుతూ తిరగాలి. మొదట్లో బేరింగ్‌లకి వాడే గ్రీజే పూసి బిగించాం. కొన్నాళ్లకి అది కొట్టుకుపోయింది. విప్పి చూస్తే బార్ మీద బుష్ కూర్చునే చోట పెయింట్ లేచి అద్దంలా మెరుస్తోంది. ఇప్పుడు వాటి కోసమే వచ్చే సిలికోన్ గ్రీజు వాడుతున్నాం. అదీ శాశ్వతం కాదు, అప్పుడప్పుడు మళ్లీ పూయాల్సిందే. ఈ సంగతి బుష్‌లు అమ్మేటప్పుడే చెప్పి ఉండాల్సింది.

మూడోది ఒకే ఒక్క కారులో జరిగింది. ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఇంకోలా అనిపిస్తోందన్నారు. పొడవు మార్చుకునే లింక్ రాడ్లని మా కుర్రాడు ఒక పక్క చక్రం జాకీ మీద ఉండగా సరిచేశాడు. బండి కిందికి దిగేసరికి బార్ ముందే మెలి తిరిగి కూర్చుంది. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో, బండి బరువు వాటి మీద ఉండగా సరిచేస్తే పోయింది. కుర్రాణ్ణి ఏమీ అనలేదు, నేర్పాల్సింది నేనే.

ఇక ముందు ఏం చేస్తామంటే, బార్ అడిగినా ముందు బండి చూస్తాం. టైర్లు, వాటిలో గాలి, షాక్ అబ్జార్బర్లు, పాత బుష్‌లు, లింక్ రాడ్లు, అలైన్‌మెంట్. షాక్ అబ్జార్బర్లు పోయిన బండికి లావు బార్ వేయడం పునాది కదులుతున్న ఇంటికి రంగులేయడం లాంటిది. బండి మరీ ఒరుగుతోందని వచ్చినవాళ్లలో కొందరికి కంపెనీ బార్‌కే కొత్త బుష్‌లు, లింక్ రాడ్లు వేసి పంపాం, మళ్లీ బార్ మాట ఎత్తలేదు. మా గల్లాపెట్టెకి ఇది మంచి వార్త కాదు గానీ ఉన్న మాట ఇదే. వెనక టైర్లు అరిగి ఉంటే వెనక లావు బార్ వేయం, ఎంత అడిగినా. వేసినప్పుడు మెత్తని బెజ్జంలోనే వేస్తాం. కొన్ని రోజులు తడిలోనూ పొడిలోనూ నడిపి, ఇంకా కావాలనిపిస్తే రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

వెనక సీట్లో పెద్దవాళ్లు, పిల్లలు రోజూ కూర్చునే బండైతే ఇంకోసారి ఆలోచించుకోండి. ఒక పక్క చక్రం గుంతలో పడినప్పుడు లావు బార్ ఆ కుదుపులో కొంత రెండో పక్కకీ పంపుతుంది. తల అటూ ఇటూ ఊగుతుంది. డ్రైవర్ స్టీరింగ్ పట్టుకుని ఉంటాడు కాబట్టి అతనికి అంతగా తెలియదు. తెలిసేది వెనకవాళ్లకి.

లోపల గుల్లగా ఉండే బార్లు వేస్తే మోసమా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కాదు. మెలిని ఆపేది ఎక్కువగా బార్ పైపొరే. బయట 25, లోపల 17 మిల్లీమీటర్లు ఉన్న గొట్టం, అదే లావున్న, లోపల గుల్ల లేని బార్‌లో 79 శాతం దాకా గట్టిదనం ఇస్తుంది, బరువు మాత్రం 54 శాతమే.

ఇప్పటికే వేయించుకున్నవాళ్లు ఒకసారి బండి తీసుకురండి. గట్టి బెజ్జంలో ఉంటే మెత్తని దాంట్లోకి మారుస్తాం, బుష్‌లకి కొత్త గ్రీజు పూస్తాం, బోల్టులు టార్క్ రెంచ్‌తో చూస్తాం. లావు బార్ లాగినప్పుడు బ్రాకెట్ల మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి, అవి ఛాసిస్‌కి కలిసే చోట పగుళ్లు ఉన్నాయేమో కూడా చూస్తాం. దేనికీ డబ్బులు తీసుకోం. కంపెనీ బారే మళ్లీ కావాలంటే అదీ వేసిస్తాం, కూలీ అక్కర్లేదు. ఒకటే మనవి, వచ్చేముందు బండి కింద కడిగించకండి. లింక్ రాడ్ రబ్బరు బూటు, అంటే దాని కీలు మీది తొడుగు, చిరిగితే గ్రీజు బయటికొచ్చి దుమ్ము పట్టి నల్లగా అంటుకుంటుంది. టక్ టక్ శబ్దం ఎక్కడి నుంచో చెప్పేది ఆ మరకే.

మీ పాత బార్లు ఏవీ తుక్కుకి వేయలేదు. వెనక గోడకి వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ బండి నంబరు రాసిన చీటీ కట్టి ఉంది. ఆ రోజు కోపంగా వచ్చిన ఆయన వెనక కొత్త టైర్లు వేయించుకుని, మెత్తని బెజ్జంలో లావు బారే ఉంచుకున్నారు. వెళ్తూ వెళ్తూ గోడ వైపు చూసి, "నాది మాత్రం అక్కడే ఉండనివ్వండి" అన్నారు. ఉంది.