‘దేవుడు సమకూర్చాడు’ అని ఊరుకోలేక

అందరికీ వందనాలు.

14 రోజుల్లో 11 చిన్న ఊళ్లు తిరిగి, క్రైస్తవ పాటలు పాడే మా బ్యాండ్ ఆరుగురం మొన్న రాత్రి క్షేమంగా ఇంటికి చేరాం. వ్యాన్‌లోంచి సామాను దించడం అయిపోయింది, నిద్ర బాకీ మాత్రం ఇంకా తీరలేదు. బ్యాండ్‌లో నేను బేస్ గిటార్ వాయిస్తాను, లెక్కలు కూడా నేనే రాస్తాను. రెండూ సరిగ్గా చేసినంతకాలం ఎవరూ గమనించని పనులే. లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది కాబట్టి ఈ కృతజ్ఞతలు రాసే పని కూడా నాకే అప్పగించారు.

మూడో ఊరు దాటాక ప్రతి ఊళ్లో రెండు పాటల మధ్య మా లీడర్ అన్న సాక్ష్యం, అంటే దేవుడు మాకు చేసిన మేలు, చెప్పేవాడు. ‘దారిలో వ్యాన్ ఆగిపోయింది, దేవుడు ఒక మెకానిక్‌ని పంపాడు’ అని. జనం ఆమెన్ అనేవాళ్లు, నేనూ అనేవాణ్ణి. ఆరో ఊళ్లో ఆ మెకానిక్ అన్న భార్యాపిల్లలతో వచ్చి వెనక వరసలో కూర్చున్న సంగతి మాకు తెలియదు. కూడిక అయ్యాక దగ్గరికొచ్చి నవ్వుతూ, ‘నన్నెవరూ పంపలేదు సార్. మంచి నిద్రలో ఉన్నా. మా ఆవిడే లేపి బయటికి తోసింది’ అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. దేవుడు సమకూరుస్తాడనే మేం నమ్ముతాం. నమ్మబట్టే ఇంత ఇవ్వాలని ఎవరితోనూ మాట్లాడుకోకుండా, ఏ ఊళ్లో ఏ కానుక వస్తుందో తెలియకుండా బయల్దేరాం. కానీ ఆ ఒక్క మాట చెప్పేసి, అర్ధరాత్రి లేచొచ్చిన మనిషినీ, లేపిన ఇల్లాలినీ, ఆవిడ పట్టుకున్న టార్చినీ దాటుకుని వెళ్లిపోయాం. ఆ బాకీ తీర్చడానికే ఇది రాస్తున్నా.

లూకా సువార్త 8వ అధ్యాయం మొదటి 3 వచనాలు ఒకసారి తీసి చూడండి. యేసు పన్నెండుమందిని వెంటబెట్టుకుని పట్టణాలూ పల్లెలూ తిరుగుతున్నాడు. ఆ ప్రయాణాల ఖర్చు ఎవరు చూసుకున్నారో లూకా దాచలేదు. మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు, తమకున్న దాంట్లోంచి. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమందికి పెట్టగలిగినవాడు తన దారిఖర్చులకి వీళ్ల చేతుల మీదుగా తీసుకున్నాడు. లెక్కలు రాసేవాణ్ణి కదా, ఆ మూడు వచనాలంటే నాకు ప్రాణం. లూకా పేర్లు కూడా రాశాడు. నేను రాయడం లేదు. సాయం చేసినవాళ్లలో సగం మంది తమ పేరు ఎక్కడా చెప్పొద్దని ముందే మాట తీసుకున్నారు. ఎవరి సంగతి వాళ్లు గుర్తుపడతారు.

ముందు వ్యాన్ సంగతి. మూడో ఊరు దాటాక, రాత్రి 11 గంటలప్పుడు డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది. బండి నడపడం, సౌండ్ చూడటం రెండూ చేసే మా తమ్ముడు ‘ఛార్జింగ్ ప్రాబ్లం, ఇంకో గంట లాగేద్దాం’ అన్నాడు. పది నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. ఫ్యాన్ బెల్ట్ తెగిపోయింది. మాది పాత బండి, ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ ఒకే బెల్ట్ తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ ఛార్జింగూ ఆగుతుంది, ఇంజిన్ చల్లబడటమూ ఆగుతుంది. ఇంకాస్త దూరం లాగి ఉంటే ఇంజిన్‌లో హెడ్ గాస్కెట్ అనే సీలు పోయేదట. అప్పుడు టూర్ అక్కడితో సరి.

రోడ్డు పక్కన అందరం మోకరించి ప్రార్థన చేశామని చెప్తే బాగుంటుంది. నిజానికి ఇద్దరు ప్రార్థన చేశారు, ఇద్దరు ఫోన్లు చేశారు, ఒకడు నిద్రపోయాడు. నేను రిపేరుకి ఎంతవుతుందో లెక్క వేసుకుంటూ కూర్చున్నా. దారిన పోతున్న బైకు అబ్బాయి ఒకడు ఆగి, సంగతి అడిగి, తిరిగి వెనక్కి వెళ్లి ఆ అన్నని ఎక్కించుకొచ్చాడు. వెనకే ఇంకో బండి మీద ఆయన భార్య, టార్చితో. మా బండికి సరిపడే బెల్ట్ ఆయన దగ్గర లేదు. మళ్లీ షెడ్డుకి పోయి, అమ్ముదామని పక్కన పెట్టుకున్న సొంత బండిలోంచి ఊడదీసి తెచ్చాడు. అది కొంచెం వదులైంది. ఆల్టర్నేటర్‌ని వెనక్కి జరిపి, బోల్టు బిగించి, బొటనవేలితో బెల్ట్ నొక్కి చూసి, ‘పోనివ్వండి, నిదానంగా’ అన్నాడు. కూలీ తీసుకోలేదు. మిగతా 8 ఊళ్లూ ఆ బెల్ట్ మీదే తిరిగాం, ఇంటికి వచ్చిందీ దాని మీదే. అన్నా, కొత్త బెల్ట్ రెండు తీసి పెట్టాను. ఒకటి మాకు, ఒకటి మీ బండికి. బైకు తమ్ముడూ, నువ్వెవరో ఇప్పటికీ మాకు తెలియదు. ఇది నీ కంట పడితే ఒక మాట పంపు.

ఐదో ఊళ్లో జరిగింది చాలామందికి చిన్న విషయంలా అనిపించొచ్చు. నాకు మాత్రం మొత్తం టూర్‌లో అన్నిటికన్నా పెద్ద మేలు అదే. సాయంత్రం సౌండ్ చెక్ మొదలుపెట్టగానే స్పీకర్లలో గుయ్యిమని ఒకటే హమ్. కీబోర్డుకి స్టేజీ పక్కనున్న ప్లగ్ నుంచి, మిక్సర్‌కి హాలు చివర ప్లగ్ నుంచి కరెంటు తీసుకున్నాం. రెండు చోట్ల ఎర్త్‌కీ తేడా ఉంటే ఆ తేడా సౌండ్ కేబుల్ గుండా తిరిగి ఇలా వినిపిస్తుంది. గ్రౌండ్ లూప్ అంటారు. ఇదంతా తెలిసీ మా తమ్ముడు విసిగిపోయి, కీబోర్డు ప్లగ్‌కి ఎర్త్ పిన్ పీకేయబోయాడు. చాలా స్టేజీల మీద చేసే పనే అది. హాల్లో లైట్లు సరిచేయడానికొచ్చిన పెద్దాయన ఒకాయన నిచ్చెన దిగొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. ‘శబ్దం పోతుంది బాబూ. దాంతోపాటు మనిషి కూడా పోతాడు.’

తర్వాత అన్ని సామాన్లకీ ఒకే బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ వేయించాడు. కీబోర్డు సౌండ్‌ని మిక్సర్‌కి పంపే చిన్న డబ్బా, డీఐ బాక్స్, మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయమన్నాడు. అది సౌండ్ కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. హమ్ ఆగిపోయింది. పెదాలకి మైకు ఆనించి, చేతిలో గిటార్ తీగలు పట్టుకుని పాడేవాడి ఒంటి గుండా కరెంటు పోవడానికి ఒక్క క్షణం చాలు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీదే అలా పోయాడు. మా లీడర్ అన్న ప్రతి కూడికలో నిలబడేది సరిగ్గా అలాగే. అయ్యా, ఆ రాత్రి మీరు లోపలికి వచ్చి కూర్చోమన్నా కూర్చోలేదు, వేరే పని ఉందని వెళ్లిపోయారు. మీ మాట కాగితం మీద రాసి మిక్సర్ పెట్టె మూత లోపల అంటించాం.

ఒక చోట రమ్మని పిలిచి, తీరా మేం వెళ్లాక కార్యక్రమం లేదన్నారు. అది వదిలేద్దాం. ఆ రాత్రి వ్యాన్‌లోనే పడుకున్నాం, దోమలు తప్ప ఇంకే నష్టమూ లేదు.

ఎనిమిదో ఊళ్లో మా అక్క గొంతు పోయింది. మొత్తం టూర్‌లో సగం పాటలు ఆవిడవే. అక్కడి డాక్టరమ్మ చూసి, రెండు రోజులు నోరు విప్పొద్దన్నారు, గుసగుసగా మాట్లాడటం కూడా వద్దన్నారు, దాంతోనూ గొంతు మీద ఒత్తిడి పడుతుందట. ఫీజు తీసుకోలేదు సరికదా, మర్నాడు ఫోన్ చేసి ‘మాట్లాడారా?’ అని గద్దించారు కూడా. అక్కే ఫోన్ ఎత్తింది కాబట్టి జవాబు చెప్పడానికి వీల్లేకపోయింది.

ఆ సంఘం క్వయర్‌లో పాడే బడిపిల్ల ఒకమ్మాయి మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపల నాలుగు పాటలు నేర్చుకుని ఆ రాత్రి పాడింది. అక్క పాడే శ్రుతి ఆ అమ్మాయికి ఎక్కువైంది, రెండు మెట్లు దించాం. కీబోర్డు అతను ఒక బటన్ నొక్కి హాయిగా కూర్చున్నాడు. నేను మాత్రం నా బేస్ చివరి తీగలో అసలు లేని స్వరాల కోసం రాత్రంతా వెతుక్కున్నా. అక్క ముందు వరసలో కూర్చుని, మాట మర్చిపోయిన చోటల్లా నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. అమ్మా, మూడో పాటలో రెండో చరణం నువ్వు రెండుసార్లు పాడావు. ఎవరూ కనిపెట్టలేదు. ఇకనుంచి మేమూ అలాగే పాడతాం. మీ అమ్మగారికి కూడా మా వందనాలు, రిహార్సల్ అయ్యేదాకా నాలుగు గంటలు ఆవిడ బయట అరుగు మీదే కూర్చున్నారు.

తొమ్మిదో ఊళ్లో మాలో మేమే గొడవపడ్డాం. ఇది రాయొద్దని ఒకరన్నారు, రాయాలని నాకనిపించింది. ముందురోజు గాలివానకి మందిరం పక్కనున్న రెండిళ్ల పైకప్పులు లేచిపోయాయి. ఆ రాత్రి వచ్చిన కానుక సరిగ్గా మిగతా రెండు ఊళ్ల డీజిల్‌కి సరిపోతుంది. అది ఆ రెండిళ్లకీ ఇచ్చేద్దామని డ్రమ్స్ వాయించే తమ్ముడన్నాడు. కుదరదన్నాను నేను. గొంతు కూడా పెంచాను.

అప్పుడతను ఫిస్క్ జూబిలీ సింగర్స్ సంగతి ఎత్తాడు. అమెరికాలో బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివాళ్ల కోసం నాష్‌విల్‌లో పెట్టిన ఫిస్క్ విద్యాలయం మూతపడే స్థితికి వస్తే, దాన్ని నిలబెట్టడానికి 1871 అక్టోబర్‌లో తొమ్మిదిమంది విద్యార్థులు పాడుతూ ఊళ్లు తిరగడానికి బయల్దేరారు. చాలా చోట్ల హోటళ్లలో గది కూడా ఇచ్చేవారు కాదు. అలాంటి సమయంలో ఒహాయోలోని చిలికాతీలో కచేరీ చేసి వచ్చిన డబ్బుని, అప్పుడే షికాగోలో జరిగిన పెద్ద అగ్నిప్రమాద బాధితులకి ఇచ్చేశారు. తర్వాత వాళ్లు పాడి తెచ్చిన డబ్బుతోనే 1876 నాటికి అక్కడ జూబిలీ హాల్ లేచింది. ఇదంతా విన్నా నేను మెత్తబడలేదు. వాళ్లని వెంటబెట్టుకుని తిరిగిన జార్జి వైట్ ఆ విద్యాలయానికి కోశాధికారి అని చెప్పాక మాత్రం నోరు మూతపడింది. లెక్కలు రాసేవాడే ఒప్పుకున్నాడా అనుకున్నా. ఇచ్చేశాం.

ఆ తర్వాత డీజిల్ ఎలా వచ్చింది? ఎవరో తెలియనివాళ్లు కవరు తెచ్చి ఇచ్చారని చెప్తే సాక్ష్యం బాగా రక్తి కడుతుంది. అలాంటిదేం జరగలేదు. మా కీబోర్డు అతను తన జీతం డబ్బులోంచి కొట్టించాడు. ఈ నెల అతనికి కష్టమే. ఇప్పుడు పక్కనే కూర్చుని ఈ నాలుగు వాక్యాలూ తీసేయమంటున్నాడు. తీసేయను.

అడిగినవన్నీ దొరికాయని కూడా చెప్పలేను. రెండో ఊళ్లోనే డ్రమ్స్‌లో క్రాష్ సింబల్ బీట వారింది, కొత్తది రాలేదు, చివరిదాకా ఆ పగిలిన దాని మీదే కొట్టాడు. అతనికి సెలవు దొరక్క జీతం కోత కూడా పడింది. విశ్వాసముంటే చాలు, అన్నీ వచ్చి వళ్లో పడతాయని ఎవరైనా మా టూర్‌ని ఉదాహరణగా చూపిస్తే దయచేసి ఒప్పుకోకండి.

ఆతిథ్యమిచ్చిన సంఘాల పాస్టర్ గార్లకి ఒక మాట. ఏ ఊళ్లో ఎంత కానుక వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది రెండు పేజీల్లో రాసి మీ అందరికీ పంపుతున్నాను. మీరెవరూ అడగలేదని తెలుసు. జార్జి ముల్లర్ బ్రిస్టల్‌లో 1836లో అనాథల కోసం ఇల్లు తెరిచి, ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా ప్రార్థన మీదే తన జీవితకాలంలో 10,000 మందికి పైగా పిల్లల్ని సాకాడని మనం తరచూ చెప్పుకుంటాం. వచ్చిన ప్రతి కానుకకీ రసీదు ఇచ్చేవాడని, ఏటేటా లెక్క అచ్చు వేయించేవాడని మాత్రం ఎందుకో తక్కువ చెప్పుకుంటాం. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ఇంకొకరున్నారు. పదో ఊళ్లో ఒకటే వాన. కూడికకి 13 మంది, అందులో ఆరుగురం మేమే. అయినా కుదించకుండా పాటలన్నీ పాడాం. బయటికి రాగానే ఒక పెద్దమ్మగారు పడుకోవడానికి మా ఇంటికే రావాలని పట్టుబట్టారు. వద్దంటే వినలేదు. ఫిలిప్పీలో ఊదారంగు పొడి అమ్మే లూదియ పౌలు బృందాన్ని బలవంతంగా ఇంటికి తీసుకెళ్లిందని అపొస్తలుల కార్యములలో చదివినప్పుడు, బలవంతం అంటే ఏంటో నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఆ రాత్రి అర్థమైంది. మమ్మల్ని గదుల్లో పడుకోబెట్టి, తనకి లోపల ఇంకో మంచం ఉందన్నారు. తెల్లారి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, గచ్చు మీద చాప వేసుకుని పడుకుని ఉన్నారు. నన్ను చూసి లేచి, ‘ఇక్కడైతేనే నాకు నిద్ర పడుతుంది నాయనా’ అన్నారు. నేను నమ్మినట్టే తలూపి వచ్చేశా.

పెద్దమ్మా, బయల్దేరేటప్పుడు కీబోర్డు తడవకుండా మీరు పట్టుకున్న నల్ల గొడుగు మా వ్యాన్‌లోనే ఉండిపోయింది. ఒక పుల్ల విరిగి ఉంది, బాగు చేయించాను. అటు వచ్చేవాళ్లు ఎవరైనా దొరికితే పంపిద్దామనుకున్నా, కానీ అక్క ఒప్పుకోవడం లేదు. గొంతు వచ్చింది, తనే తెచ్చి మీ చేతికి ఇస్తానంటోంది. వచ్చే నెల రెండో ఆదివారం, ఆరాధన అయ్యాక వస్తాం. ఈసారి రాత్రికి ఉండం.