మా గేటు రోడ్డు ఎవరిదో సంతకం పెట్టి చెప్పండి

లెవెల్ క్రాసింగ్ నిర్వహణ కాంట్రాక్టు కంపెనీ మేనేజర్ గారికి,

అల్వాల్ వైపు మేడ్చల్ లైను మీద ఉన్న మా గేటు గురించి రాస్తున్నాను. పట్టాల మధ్య పరిచిన దిమ్మెలు లేచిపోయాయి, స్కూటర్ల చక్రాలు ఆ సందుల్లో ఇరుక్కుంటున్నాయి. ఇదంతా మీకు ఎన్నోసార్లు చెప్పాను. ఈ ఉత్తరం దిమ్మెల కోసం కాదు, మీరు నన్ను తిప్పిన తీరు గురించి.

గేటు దగ్గర మీ బోర్డు మీదున్న నంబరుకు ఫోను చేస్తే ఒక అమ్మాయి గేటు నంబరు రాసుకుంది. తర్వాత చేస్తే ఇంకొకాయన అలాంటి గేటు తమ జాబితాలోనే లేదన్నారు. మీ బోర్డు పక్కనే నిలబడి మాట్లాడుతున్నానంటే, "రోడ్డు చూసే ఆఫీసులో అడగండి" అని పెట్టేశారు. అక్కడికీ వెళ్లాను. గేటు బయటి రోడ్డే తమదని, రెండు గేట్ల మధ్య ఉన్నది రైల్వే చూసుకోవాలని అక్కడి ఇంజనీరు చెప్పారు. ఆ మాట సరైనదే. మళ్లీ మీకే చేశాను. ఈసారి మాట్లాడినాయన కడ్డీలు, గంటలే మీవని, దిమ్మెలు వేరే సబ్‌కాంట్రాక్టరువని అన్నారు. ఆ మనిషి నంబరు ఇవ్వడం కుదరదట. ఆ సాయంత్రమే నా ఫోనుకు సందేశం వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు వచ్చారు? ఏం చేశారు? గేట్‌మన్‌ను అడిగితే ఎవరూ రాలేదన్నాడు. పడినవాళ్లను లేపుతున్నది ఆయనే.

మా నాన్నగారు ఈ లైను మీదే గ్యాంగ్‌మన్. వానాకాలం రాత్రుల్లో లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచేవారు. రైల్వే మీద నా గౌరవం అక్కడి నుంచి వచ్చింది. కడ్డీ కింద దూరే వాళ్లతో ఈ రోజుకీ నేను గొడవపడతాను. మూసిన గేటు తెరిస్తే మూడేళ్ల వరకు జైలని 1989 రైల్వే చట్టం 160వ సెక్షన్ చెబుతోంది. మా తప్పుకు శిక్ష అంత స్పష్టంగా రాసి ఉన్నప్పుడు, మీ పని ఏదో మాత్రం ఎవరూ ఎందుకు చెప్పలేకపోతున్నారు?

2014 జూలై 24న ఇదే లైను మీద, మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టి పసిపిల్లలు చనిపోయారు. అక్కడ కాపలా లేదు. 2019 జనవరికల్లా బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని క్రాసింగులన్నీ తొలగించారు. మా గేటుకు కాపలా ఉంది. అయినా మొన్న పిల్లలతో ఉన్న ఆటో పట్టాల మీద ఇరుక్కుంటే గేట్‌మనూ నేనూ కలిసి తోశాం. రైలుకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ విషయం చెప్పడానికి ఫోను చేస్తే మీవాళ్లు పాత ఫిర్యాదు ముగిసిందని, కొత్తది పెట్టుకోమని అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

ఆ దిమ్మెలు సరిచేసే బాధ్యత ఎవరిదో, ఆ అధికారి పేరు, సంతకంతో రాసి పంపండి. పంపకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద రైల్వేకు దరఖాస్తు పెట్టి మీ ఒప్పందం ప్రతి తీసుకుంటాను. కాలనీ వాళ్లందరి సంతకాలతో డివిజనల్ మేనేజర్ దగ్గరికి వెళ్తాను. ఏ పనికి బిల్లులు తీసుకుంటున్నారో ఆయన ముందే చెప్పుకోండి.

ఇట్లు,
అల్వాల్ నివాసి