చదువుతున్నారా, అప్పజెబుతున్నారా?

సంపాదకుడు గారికి,

పై తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం కూడా చదవలేకపోతున్నారన్న వార్త తరచూ పత్రికలకెక్కుతుంది. టీచర్లను నాలుగు రోజులు తిట్టుకుని అందరూ మర్చిపోతారు. పిల్లల చదువు ఎలా ఉందో ఇంటింటికీ వెళ్లి చూసే, 2005లో మొదలైన అసర్ సర్వే ఈ సంగతి కనిపెట్టేది చాలా చిన్న సాధనంతోనే: కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తను అంతకుముందు చూడని కాగితం చేతికిచ్చి, చదువుతుంటే వింటారు. అంతే. ఇంటికొచ్చిన సర్వే మనిషి నిమిషాల్లో తేల్చే విషయం ఏడాదంతా ఎదురుగా ఉండే బడికి ఎందుకు తెలియడం లేదు?

తరగతి గదిలో ఒక్కొక్కరి చదువు విడిగా వినే పని దాదాపు లేదు గనుక. అందరూ కలిసి గొంతెత్తి చదువుతారు. ముందు బెంచీలో నలుగురు చదివితే మిగతావాళ్లు అర సెకను వెనకగా అందుకుంటారు. వారం తిరిగేసరికి పాఠం నోటికి వచ్చేస్తుంది. అప్పుడు పిల్లవాడు పుస్తకం మీద వేలు కదుపుతూ గడగడా చదివేస్తాడు. అదే పాఠంలో నడిమి పదం ఒకటి వేలితో చూపించి ‘ఇదేమిటి?’ అంటే మొదటి వాక్యం నుంచి ఎత్తుకుంటాడు. అది చదవడం కాదు, అప్పజెప్పడం.

గుణింతాల పాటదీ ఇదే తంతు. ‘క గుడిస్తే కి, క గుడి దీర్ఘమిస్తే కీ’ అని పాడేవాడికి ‘కొ’ ఒక్కటీ విడిగా చూపిస్తే లోపల తలకట్టు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. వరస వచ్చు, గుర్తు రాదు. పాట మానేయమనడం లేదు, పాడాక అట్టముక్కల మీద గుణింతాలు రాసి, కలిపేసి, ఒక్కొక్కటీ చూపించాలి. రెండు సెకన్లలో చెప్పలేనిది ఇంకా రానట్టే లెక్క.

వర్ణమాల మొత్తం, ఆ తర్వాత గుణింతాలన్నీ, ఆ తర్వాత వత్తులన్నీ అని వరస పెట్టుకుంటే ఏడాది గడిచినా పిల్లలు ఒక్క నిజమైన వాక్యం దాకా రారు. అలా కాకుండా త, ల, మ, న, గ, ర, ట, ద అనే ఎనిమిది అక్షరాలు, దీర్ఘం, గుడి, కొమ్ము, సున్న తీసుకోండి. తల, తాత, మాట, గంట, గాలి, దారం, మందు, నగరం, నాలుగు అన్నీ చదవచ్చు. ‘గాలి రాదు’ అని వాక్యమే చదవచ్చు. పోలికలున్న అక్షరాలను మాత్రం ఒకే వారంలో నేర్పకూడదు. మ-య, ప-ష, ద-డ, న-స - ఈ జంటల్లో ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ‘పోలిక తెలుస్తుంది కదా’ అని జంటగా నేర్పేవాళ్లున్నారు. పెద్దవాళ్లకు అది పోలిక, ఆరేళ్ల పిల్లకు గందరగోళం.

వత్తుల దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం వేరే రూపం. పిల్లలు ముందుగా రాయాలనుకునే మాటలు చాలావరకు ఆ గుంపులోనే ఉండటం మన లిపి చేసిన కొంటెపని: అమ్మ, నాన్న, అత్త, తమ్ముడు, అయ్య, పిల్లి. కాబట్టి ఈ ఆరింటినీ ద్విత్వాలుగా ముందు నేర్పి, సంయుక్తాక్షరాలు తర్వాత ఎత్తుకోవాలి.

సంయుక్తాక్షరంలో అసలు చిక్కు చూపు ఒక దారిన, పలుకు ఒక దారిన పోవడం. ‘రాత్రి’ తీసుకోండి. గుడి ఉన్నది త మీద. కానీ ‘ఇ’ పలికేది ర తర్వాత. కంటికి మొదట ‘తి’ కనిపిస్తుంది, కింద క్రారవడి (ర వత్తు) కనిపిస్తుంది, పిల్లవాడు ‘రాతిర’ అంటాడు. తను కంటికి కనబడ్డ వరసలోనే చదివాడు, అందులో వాడి తెలివితక్కువ ఏమీ లేదు. ఇంట్లో ‘రాత్తిరి’ అనే మాటకు, ఈ ‘రాతిర’కు సంబంధం ఉందని కూడా తట్టదు. ‘తప్పు, మళ్లీ చదువు’ అంటే మళ్లీ ‘రాతిర’ అనే అంటాడు. పలక మీద మూడు అంగల్లో చూపాలి. మొదట పైఅక్షరానికి పొల్లు: త్. తర్వాత గుడిని తీసుకెళ్లి కిందిదానికి ఇవ్వడం: రి. తర్వాత రెండూ కలిపి: త్రి. వత్తు ఒక రంగు సుద్దముక్కతో, గుడి ఇంకో రంగుతో రాస్తే గుడి ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో కంటికి తెలుస్తుంది. మిత్రుడు, ఆస్తి, పద్యం, చక్రం - రోజుకు ఐదు మాటలు చాలు.

ఇక ఒక్కొక్కరినీ వినడం ఎలాగంటే, పిల్లలు చూడని పేరా ఒకటి, యాభై అరవై మాటలది, రెండు ప్రతులు కావాలి. ఒకటి పిల్లకు, ఒకటి టీచరుకు. తప్పు చదివిన మాట కింద గీత, దాని పైన పిల్ల ఏమని చదివిందో అదే రాయాలి. తనే సరిచేసుకుంటే పక్కన చిన్న టిక్కు. నిమిషం దగ్గర ఒక నిలువు గీత. ఆపైన మూడు ప్రశ్నలు, వాటిలో కనీసం ఒకటి, జవాబు పేరాలో నేరుగా దొరకనిదై ఉండాలి. మనిషికి మూడు నిమిషాలు. రోజుకు ఐదుగురంటే పావుగంట, ముప్ఫైమంది తరగతి ఆరు పనిదినాల్లో పూర్తవుతుంది. ఆ పావుగంట మిగతావాళ్లు జంటలుగా ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. గోల ఉంటుంది, ఉండనివ్వాలి.

ఆ కాగితం మీద గీతలు చూస్తే మందు ఏదో తెలుస్తుంది. ‘కుండ’ను ‘కుక్క’ అన్నవాడు మొదటి అక్షరం చూసి ఊహిస్తున్నాడు. వాడికి మాటను వేలితో మూసి ఒక్కో అక్షరమే తెరుస్తూ చదివించాలి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మాట చివరికి చేరేసరికి మొదలు మర్చిపోయేవాడికి కొత్త పేరాలు పనికిరావు. అదే పేరా మూడు నాలుగు రోజులు మళ్లీ మళ్లీ చదవాలి. ధారగా చదివి ప్రశ్నకు తెల్లమొహం వేసేవాడి సమస్య వేరు. వాడికి కావలసింది మాటలు, కబుర్లు, రోజుకు పది నిమిషాలు టీచరు చదివి వినిపించే కథలు. ముగ్గురికీ కలిపి మరో ఇరవై పేజీల చూచిరాత ఇచ్చి ఊరుకుంటున్నాం.

అర్థం సంగతి కూడా చెప్పాలి. పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రాస్తున్నారంటే అర్థమైనట్టు కాదు. ఈ వాక్యం చూడండి: ‘గిమ్మడు టొంకరలో లొడుకును బుచికాడు.’ ఎవరు బుచికారు? గిమ్మడు. ఎక్కడ? టొంకరలో. దేన్ని? లొడుకును. మూడుకు మూడు మార్కులు! ఇందులో ఒక్క మాటకూ అర్థం లేదు. మన ప్రశ్నపత్రాల్లో చాలా ప్రశ్నలు ఇలాంటివే. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చెప్పింది, చదివి గ్రహించడమంటే అక్షరాల్ని పలకగలగడాన్ని భాష తెలియడంతో గుణించడమని. కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే.

2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం మూడో తరగతికి నిమిషానికి అరవై మాటలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం ఉండటం మంచిదే, కానీ మాటల లెక్క తెలుగుకు పొసగదు. ‘చెప్పకపోయినప్పటికీ’ మనకు ఒక్క మాట, మరో భాషలో నాలుగైదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ జరిపిన అధ్యయనంలో ఒక్కో భాషకు వేర్వేరుగా ప్రమాణాలు పెట్టారు, దారి అదే. తరగతిలో అయితే మాటలు కాకుండా అక్షరాలు లెక్కపెట్టుకోవడం మేలు.

డిక్టేషన్ గురించి ఒక్క ముక్క. పదికి ఎన్ని వచ్చాయన్నది ఏమీ చెప్పదు. దీర్ఘం పోయిందా (కాలం, కలం), వత్తు పోయిందా (అక్క, అక), సున్న పోయిందా, ‘భాష’ ‘బాష’ అయిందా అని నాలుగు గడులు గీసి తప్పుల్ని వాటిలో వేయాలి. నాలుగో గడి నిండితే కంగారు అక్కర్లేదు, పిల్లలు ఇంట్లో వినేది అలాగే. మొదటి రెండూ నిండితేనే మళ్లీ పాఠం చెప్పాలి.

ఇదంతా టీచర్లకు తెలియదని కాదు. తనిఖీలో అడిగేది సిలబస్ ఎంతవరకు వచ్చింది, నోటుపుస్తకాలు దిద్దారా అని. అడిగిందే జరుగుతుంది. రెండు క్లాసులు ఒక్కరే చూసే బడిలో పావుగంట కూడా బరువే, కాబట్టి టైంటేబుల్‌లోనే ‘వినే గంట’ అని రోజుకు ఇరవై నిమిషాలు రాసిపెట్టాలని, ఆ సమయంలో ఏ రిజిస్టరూ, ఏ యాప్‌లో ఫొటోలూ అడగకూడదని విద్యాశాఖను కోరుతున్నాను. తనిఖీకి వచ్చిన అధికారి నోటుపుస్తకాల దొంతర పక్కన పెట్టి, వెనక బెంచీ నుంచి ముగ్గురిని పిలిచి ఒక్కొక్కరినీ విడిగా చదివించి వినాలి. ఆ పేజీ అధికారి సంచిలోంచే రావాలి. ముందురోజు బడికి పంపారంటే సాయంత్రానికల్లా తరగతి మొత్తం దాన్ని కంఠతా పట్టేస్తుంది.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు