చీలమండ నొప్పి గురించి కూడా ఒక పేజీ రాయించండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆదివారం వచ్చే హెల్త్ పేజీ నేను వదలకుండా చదువుతా. మోకాళ్ల నొప్పుల మీద ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు, నడుము నొప్పి వచ్చింది, మెడ నొప్పి వచ్చింది, భుజం పట్టేయడం కూడా వచ్చింది, కానీ చీలమండ అరిగిపోతే ఏం చెయ్యాలో మాత్రం నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. నేను సూర్యాపేటలో ఫిజియోథెరపీ చేస్తా. చీలమండ నొప్పితో వచ్చేవాళ్లు మోకాళ్లవాళ్లంత మంది ఉండరు, అది నిజమే, కానీ వచ్చినవాళ్లు మాత్రం అప్పటికే చాలా ఏళ్లు బాధపడి, దొరికిన బిళ్లలన్నీ మింగి వస్తారు, అందుకే ఈ లెటర్ రాస్తున్నా.

మొదట తెలియాల్సింది ఏంటంటే ఇది మోకాలి అరుగుదల లాంటిది కాదు. మోకాలు చాలామందికి ఏ దెబ్బా తగలకుండానే వయసుతో, బరువుతో అరుగుతుంది. చీలమండ అట్లా ఊరికే అరగదు, అరిగిందంటే నూటికి 70, 80 మందిలో వెనక ఒక పాత దెబ్బ ఉంటుంది. బండి స్కిడ్ అయి విరిగిన ఎముక కావచ్చు, మళ్లీ మళ్లీ బెణికి లూజైపోయిన లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు కావచ్చు. అందుకే మోకాళ్ల నొప్పులు 60 దాటినవాళ్లలో ఎక్కువగా చూస్తే చీలమండవాళ్లు 40, 45 ఏళ్లకే వస్తారు, ఇంకా పిల్లల చదువులు కూడా అయి ఉండవు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తా. కాలి పెద్ద ఎముక, పక్కన సన్న ఎముక, ఈ రెండిటి మధ్యలో టాలస్ అనే ఎముక, వడ్రంగి కొయ్యలో కొయ్య దింపి బిగించినట్టు సరిగ్గా కూర్చుంటుంది. దాని మీద గుజ్జు మందం ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ అంతే, మోకాల్లో ఉన్నంత ఉండదు. 1976లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు చనిపోయినవాళ్ల కాళ్ల మీద పరీక్ష చేసి చూస్తే, ఆ టాలస్ ఒక్క మిల్లీమీటర్ బయటి వైపుకి జరిగినా ఎముకా ఎముకా ఆనే చోటు 42 శాతం తగ్గిపోయింది. ఒక్క మిల్లీమీటర్! అంటే విరిగిన ఎముక అతుక్కుంది కదా అని ఊరుకుంటే సరిపోదు, సరైన చోట అతుక్కుందా లేదా అన్నదే అసలు సంగతి, కొంచెం వంకరగా అతుక్కుంటే శరీరం బరువంతా చిన్న చోట పడి గుజ్జు పదేళ్లలోనో ఇరవై ఏళ్లలోనో అయిపోతుంది.

నా దగ్గరికి వచ్చే ఒక గౌడన్న సంగతి చెప్తా. చాలా ఏళ్ల కింద తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు, అప్పుడు కట్టు కట్టించుకున్నాడు, కట్టు విప్పాక మళ్లీ ఎవరికీ చూపించలేదు, నడవగలుగుతున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు కూడా అడగలేదు. ఇప్పుడు కుర్చీలోంచి లేస్తే మొదటి నాలుగడుగులు కాలు ఈడుస్తాడు, తర్వాత కొంచెం వదులవుతుంది, సాయంత్రానికి మళ్లీ వాపు. పాదాన్ని బయటికి తిప్పి నడుస్తాడు, ఎందుకంటే అట్లా నడిస్తే చీలమండ వంగే పని తప్పుతుంది. ఆయన చెప్పులు తిరగేసి చూస్తే ఒక పక్కే అరిగి ఉన్నాయి. చెరువు కట్ట ఎక్కేటప్పుడు చీలమండ ముందు భాగంలో సూది గుచ్చినట్టు ఉంటుందంటాడు, అక్కడ వేలు పెట్టి నొక్కితే గట్టిగా ఎముక పెరిగి తగులుతుంది. ఇన్నేళ్లలో ఆయనకి కీళ్లవాతం మందులు ఇచ్చారు, నరాల మందులు ఇచ్చారు, నాకు తెలిసినంతవరకు పాత దెబ్బ గురించి అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఇంకోటి, ఎక్స్‌రే. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య ఖాళీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే నిలబెట్టి కాలి మీద బరువు వేయించి తీస్తే అసలు రంగు బయటపడుతుంది. దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు, ఖర్చు కూడా పెరగదు, అయినా మన దగ్గర చాలాచోట్ల నిలబెట్టి తీయరు. అడగండి, అడిగితే తీస్తారు. ఎంఆర్‌ఐకి వేలు పోసే ముందు ఈ ఎక్స్‌రే తీయించుకోవాలి.

అందరిదీ దెబ్బ వల్లే అని కాదు. రుమటాయిడ్ అనే కీళ్లవాతం ఉంటుంది, యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ ఉంటుంది, వాటికి వేరే మందులున్నాయి. రుమటాయిడ్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ బిళ్ల వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, ఇది పెద్దక్షరాల్లో వేయండి సార్. షుగర్ ఉన్నవాళ్లకి పాదం ఉన్నట్టుండి వేడిగా ఎర్రగా వాచి పెద్దగా నొప్పి లేకపోతే అది ఇంకా డేంజర్, లోపల ఎముకలు పొడి అవుతూ ఉండొచ్చు, నడవకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక ట్రీట్‌మెంట్. అరిగిన గుజ్జుని తిరిగి పెంచే మందు ఇప్పటికైతే లేదు. కానీ నొప్పి తగ్గించే మార్గాలు చాలా ఉన్నాయి, వాటిలో మంచివి చాలావరకు చవకవే. హవాయి చెప్పులు మానేసి మడమని పట్టుకునే షూ వేసుకోవడం, దానికింద ముందూ వెనకా గుండ్రంగా ఉండే రాకర్ సోల్ వేయించుకోవడం, అడుగు దొర్లినట్టు పడుతుంది కాబట్టి చీలమండ వంగాల్సిన పని తగ్గుతుంది. లేసులున్న యాంకిల్ బ్రేస్. బరువు తగ్గడం. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి, చాలామంది ఉల్టా పట్టుకుంటారు. ఇంట్లో గొంతుక్కూర్చునే లెట్రిన్ ఉంటే ఒక కమోడ్ కుర్చీ కొనండి, రోజుకి అన్నిసార్లు చీలమండని పూర్తిగా వంచే బాధ పోతుంది. పిక్క కండరాలకి ఎక్సర్‌సైజులు నేర్చుకుని చెయ్యాలి. నొప్పి బిళ్లలు నాలుగు రోజులకి సరే, నెలల తరబడి మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి, మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలో నెలలో పనిచేస్తుంది, ఊరికే మళ్లీ మళ్లీ చేయించుకునేది కాదు.

మీ పేపర్లోనే ఆపరేషన్ లేకుండా గుజ్జు పెంచుతాం అని పీఆర్‌పీ ఇంజెక్షన్ల యాడ్లు వస్తుంటాయి, మన రక్తమే తీసి మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని కీల్లోకి ఎక్కిస్తారు. నెదర్లాండ్స్‌లో చీలమండ అరిగిన 100 మంది మీద పరీక్ష చేసి 2021లో రిపోర్ట్ ఇచ్చారు, సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉత్త సెలైన్, 26 వారాల తర్వాత చూస్తే తేడా ఏమీ లేదు. అప్పు చేసి వేలకి వేలు పోసేవాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇవన్నీ చేసినా నిద్ర పట్టనంత నొప్పి ఉంటే ఆపరేషన్. ముందు భాగంలో ఎముక పెరగడం ఒక్కటే అయితే చిన్న రంధ్రం పెట్టి గీసేస్తారు. వంకర ఉండి ఒక పక్కే అరిగితే చీలమండకి పైనున్న కాలి ఎముక కోసి సరిచేస్తారు. మొత్తం పోతే రెండే దారులు, జాయింట్‌ని ఫ్యూజన్ చేసి అతికించేయడం, లేదా కృత్రిమ కీలు. బ్రిటన్‌లో 50 నుంచి 85 ఏళ్ల మధ్య వాళ్లు 300 మందికి పైగా తీసుకుని ఈ రెండిటినీ పోల్చితే ఏడాది తర్వాత రెండు గ్రూపులకీ బాగా నయమైంది, మొత్తం మీద ఇదే గొప్ప అని తేలలేదు. పొలం పని, బరువుల పని చేసే వయసు తక్కువ వాళ్లకి సాధారణంగా ఫ్యూజన్ చెప్తారు. ఫ్యూజన్ అంటే కుంటుతూ బతకాలి అని భయపడతారు కానీ అది నిజం కాదు, పాదంలో మిగతా కీళ్లు కొంత వంగుతాయి, నొప్పి లేకుండా నడుస్తారు. కానీ గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది, ఏళ్లు గడిచాక పక్క కీళ్లు అరగొచ్చు, బీడీలు సిగరెట్లు తాగితే ఎముక అతుక్కోకపోయే ఛాన్స్ బాగా ఎక్కువ, ఇవి ఆపరేషన్ ముందే పేషెంట్‌కి కూర్చోబెట్టి చెప్పాలి.

నా రిక్వెస్ట్ ఒక్కటే సార్. పాదం, చీలమండ ఆపరేషన్లు ప్రత్యేకంగా చేసే డాక్టర్‌తో ఒక పేజీ రాయించండి, జిల్లా ఎడిషన్లో కూడా వచ్చేలా చూడండి. విరిగిన చీలమండకి కట్టు విప్పాక ఎన్నాళ్లకి మళ్లీ చూపించాలి, బెణుకు తగ్గకపోతే ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఫ్యూజన్ తర్వాత చెట్టు ఎక్కొచ్చా, నాగలి పట్టొచ్చా, నా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేవి ఇవే, కావాలంటే ఇంకా రాసి పంపిస్తా.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్, సూర్యాపేట