ఎఫ్‌సీ ఉంది, బ్రేకు లేదు

సంపాదకులు గారికి,

మా పది చక్రాల లారీకి పోయిన నెల ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అయింది. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా చేయించాలి. మాది తొమ్మిదేళ్ల బండి. కొరాపుట్ జిల్లాలో ఓడీ-10 నంబరు మీద ఒకే ఒక్క లారీ తిప్పుకునే నాలాంటివాళ్లు ఆ రోజుకు ఎలా తయారవుతారో చెబితే మీ పాఠకులు నవ్వుతారు.

ముందు రోజు సాలూరు షెడ్డుకు పోతాం. అరిగిన టైర్లు విప్పి, తెలిసినవాడి బండివి నాలుగు మంచివి తెచ్చి తొడుగుతాం. వైపర్లు, రేడియం స్టిక్కర్లు, క్యాబిన్‌కి ఓ పూత రంగు. సర్టిఫికెట్ చేతికొచ్చిన సాయంత్రమే టైర్లు ఎవరివి వాళ్లకు వెళ్లిపోతాయి. అరువు సొమ్ములు బరువు చేటని తెలిసే చేస్తాం. నేనూ చేశాను.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ని మావాళ్లు ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరనే అంటారు. ఆయన ఛాసిస్ నంబరు చూశారు, లైట్లు వేయించారు, బండిని నాలుగడుగులు నడిపించి ఆపమన్నారు. చదును నేల మీద ఖాళీ లారీ ఎవరు తొక్కినా ఆగుతుంది.

పది రోజులకు జయపురం నుంచి లోడుతో విశాఖకు బయల్దేరాం. పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగుతుంటే కాలిన వాసన. డ్రైవరు పక్కకు లాగి, చక్రం కింద రాయి పెట్టి, సీసాలో నీళ్లు నాలుగు చుక్కలు వెనక కుడి బ్రేకు డ్రమ్ము మీద చల్లాడు. చుయ్‌మంది. ఎడమ డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉంది. బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ వదులై ఆ ఎడమ చక్రం అసలు పట్టడమే లేదు, దాని పనంతా మిగతావి చేస్తున్నాయి. డ్యాష్‌బోర్డులో ఎఫ్‌సీ మాత్రం నిక్షేపంగా ఉంది.

ఒక్కో ఇరుసు బ్రేకు బలాన్ని రోలర్ల మీద కొలిచే యంత్రాలున్న పరీక్షా కేంద్రాలు వస్తున్నాయి. భారీ బండ్లకు ఎఫ్‌సీ అక్కడే చేయించడం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అని, తర్వాత దాన్ని 2024 అక్టోబరు 1కి జరిపారు. ఖర్చని తోటి ఓనర్లు గొణుగుతున్నారు గానీ నేను రమ్మనే అంటాను. పట్టని చక్రం రోలరు మీద దొరికిపోతుంది. కాకపోతే ఆ కేంద్రం మాకు అందే దూరంలో ఉండాలి. ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకు 50 రూపాయలు కట్టించుకునే సర్కారు, రెండు రోజుల ట్రిప్పు పోగొట్టుకుని వెళ్లేవాడి సంగతి కూడా చూడాలి.

ఇంకో మనవి. రాయపూర్ వైపు నుంచి విశాఖ రేవుకు వెళ్లే లారీలు చాలా వరకు 26వ జాతీయ రహదారి మీద ఈ ఘాటే దిగుతాయి. మా బండ్ల ముందు బస్సులుంటాయి, మోటారు సైకిళ్లుంటాయి. ఘాట్ మొదట్లో లారీ పక్కకు పెట్టుకునే చదును జాగా, జరిమానా భయం లేకుండా బ్రేకు చూపించుకోవడానికి ఒక మెకానిక్కు, ఈ రెండింటికీ ఒడిశా, ఆంధ్ర రవాణా శాఖలు కలిసి పూనుకోవాలి. ఇప్పుడు రోడ్డు మీద ఎవరు ఆపినా అడిగేది కాగితాలే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే డ్రైవర్లను, ఆ డీజిలు లెక్క అడిగే మాలాంటి ఓనర్లను కూడా అక్కడ నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టినా తప్పులేదు.

మా డ్రైవరు ఇప్పుడు దిగేముందు ప్రతిసారీ తనే ఆపి డ్రమ్ములు చూసుకుంటున్నాడు. రోడ్డు మీదే, వెనక లారీలు హారన్లు కొడుతుంటే.

– ఒక లారీ యజమాని, సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా