ఎర్ర మగ్గు విలువ చెప్పిన మేడమ్‌కి

మా బాబుకి ఆరేళ్ళు. ఆటిజం ఉంది. పోయిన ఉగాది దాకా బల్ల దగ్గర అర నిమిషం కూడా కూర్చునేవాడు కాదు. మొన్న సోమవారం 6 ముక్కల పజిల్ మొత్తం పెట్టేసి, తనే వెళ్ళి మగ్గు తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఖమ్మంలో మా ఇంటికి వస్తున్న స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్‌కి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

అంతకుముందు వేరేచోట, చెప్పిన పని చేస్తే చాక్లెట్ ఇచ్చేవాళ్ళు. వాడికి చాక్లెట్ అంటే ఇష్టమే లేదు. మేడమ్ మొదటి రోజు వాడికి ఏ పనీ చెప్పలేదు. గంటసేపు నేలమీద కూర్చుని, వాడు వేటి దగ్గరికి వెళ్తున్నాడో రాసుకున్నారు. మగ్గుతో బకెట్లోకి నీళ్ళు ధారగా పోస్తే చూడటం వాడికి ప్రాణం. ఆ అలవాటు మాన్పించాలని నేను రెండేళ్ళు కోప్పడ్డాను. మేడమ్ దాన్నే ఆసరా చేసుకున్నారు.

ఒక ముక్క పెడితే ఒక ధార, అదీ వెంటనే. ఆలస్యమైతే దేనికి ఇచ్చామో వాడికి అర్థం కాదన్నారు. "గుడ్ బాయ్" అని ఊరుకోకుండా "ముక్క సరిగ్గా గడిలో పెట్టావు!" అనమన్నారు. తర్వాత రెండు ముక్కలకి, ఆపైన మూడింటికి. ఇప్పుడు వాడు పని చేసినప్పుడల్లా అట్టమీద ఒక సీసా మూత అంటిస్తాం, అయిదు మూతలూ నిండితే మగ్గు. రోజంతా దొరికితే మొహం మొత్తుతుందని ఆ ఎర్ర మగ్గుని పని వేళకే ఉంచాం. ఒకరోజు కోపంలో నేను ఒక మూత పీకేశాను. "వాడు సంపాదించుకున్నది తీసుకోకండమ్మా" అన్నారు మేడమ్. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అలసిపోతే చూపించడానికి వాడికో చెయ్యి బొమ్మ కార్డు కూడా ఇచ్చారు. అది చూపిస్తే ఇక పని ఆపేయాల్సిందే.

మా అత్తయ్య మొదట్లో "ఇది లంచం కదమ్మా" అన్నారు. ఏడుపు ఆపడానికి ఇస్తే లంచం, ముందే చెప్పి పనయ్యాక ఇస్తే కూలి అన్నారు మేడమ్. "'అన్నం తిను, తర్వాత ఆడుకో' అని మీరు పిల్లలకి చెప్పలేదా? డేవిడ్ ప్రీమాక్ అనే అమెరికా సైకాలజిస్టు 1959లో రాసిందీ ఇలాంటిదే. దాన్ని బామ్మ సూత్రం అని కూడా అంటారు" అని వివరించారు. ఆ రోజు నుంచి 'ముందు - తర్వాత' బొమ్మల అట్ట పట్టుకునేది అత్తయ్యే.

వానలో కూడా ఒక్క శనివారం మానలేదు మీరు. మా ఇంటిల్లిపాది తరఫునా మీకు నమస్కారాలు మేడమ్. ఈ వారం అత్తయ్య సున్నుండలు చేస్తున్నారు, ఈసారి వద్దనకండి.