ఓటు తెచ్చిపెట్టిన క్లారాకు చోటేదీ?

మహిళల ఓటు హక్కు చరిత్ర చెప్పేటప్పుడు మన పత్రికలు బ్రిటన్, అమెరికాల దగ్గరే ఆగిపోతున్నాయి. స్పెయిన్ నాయకురాలు క్లారా కాంపోఅమోర్ ప్రస్తావన నాకు ఏ మహిళా దినోత్సవ సంచికలోనూ కనిపించలేదు. 1888లో మాడ్రిడ్‌లో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, కుట్టుపనిలో తల్లికి సాయపడి, తంతి శాఖలో ఉద్యోగం చేసి, ముప్పై ఆరేళ్ల వయసులో న్యాయశాస్త్ర పట్టా అందుకున్న ఆమె, మహిళలు పోటీ చేయవచ్చు గానీ ఓటు వేయరాదన్న వింత నిబంధన అమలులో ఉండగానే 1931లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. మహిళల ఓటు చర్చి చెప్పినట్టు పడుతుందన్న భయంతో సభలోని మరో మహిళ విక్టోరియా కెంట్ సైతం వాయిదా కోరినా, సొంత పార్టీలోనే అత్యధికులు ఎదురు నిలిచినా క్లారా వెనక్కి తగ్గలేదు, అక్టోబరు 1న ఆ హక్కు 161–121 ఓట్లతో నెగ్గింది. 1933లో మహిళలు తొలిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేశారు, ఆమె మాత్రం ఓడిపోయారు. పైగా ఆ ఎన్నికల్లో సంప్రదాయవాద (రైట్‌వింగ్) పార్టీలు గెలవడానికి మహిళల ఓటే కారణమంటూ నింద ఆమెపైనే వేశారు. అంతర్యుద్ధ కాలంలో దేశం వీడిన ఆమె 1972లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ప్రవాసంలోనే కన్నుమూశారు. మార్చి 8న ఏటా అవే నాలుగు పేర్లు వేయడం మాని, ఆనాటి సభా చర్చను నేరుగా స్పానిష్ నుంచి అనువదింపజేసి మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించాలి.